ఎడమ మోకాలి మీద మూడు గజ్జెలు

మునగాల దాటాక టికెట్లు కొడుతూ నాలుగో సీటు దగ్గరికి వచ్చిన కండక్టర్ మధుసూదన్‌కు, ఒక అమ్మాయి చేతిలోని ఫోన్‌లో తానే చిందులేస్తూ ఎగురుతూ కనిపించాడు.

ఒంటి నిండా పసుపు, మెడలో బంతిపూల దండ, నడుముకు వరసలుగా గజ్జెలు కుట్టిన లాగు. వెనక భేరీలు దద్దరిల్లుతున్నాయి. ఆ పసుపు మొఖం వెనక ఉన్నది ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కానీ ఎవరి ఎగురుడు వాళ్లకు తెలియదా? మధుసూదన్ చేతిలోని టికెట్ మిషన్ దానంతటదే ఇంకో టికెట్ కక్కింది.

“గిది... గిదెక్కడిది మేడం?”

“ఏది?”

“గా ఎగిరేటోడు.”

అమ్మాయి తలెత్తింది. కళ్లకు కాటుక, ఒళ్లో కాలి గజ్జెల సంచి, మొఖంలో చిరాకు. “కండక్టర్ గారూ, మీరు టికెట్ ఇస్తారా, నా ఫోన్ చూస్తారా?”

“ఎవరు తీసిన్రు అంటున్న.”

“నేనే తీశాను. మొన్న గొల్లగట్టు జాతరలో. ఫేస్‌బుక్‌లో నా పేజీలో పెట్టాను. నాలుగు వేల మందికి నచ్చింది. మీకేమైనా అభ్యంతరమా?”

“తీసెయ్యాలె.”

“ఎందుకు తీసెయ్యాలి?”

“ఎందుకంటే... గాడు నేనే.”

ఆ మాట ఎలా జారిందో అతనికే తెలియదు. పదిహేను రోజులుగా కడుపులో దాచుకున్న రహస్యాన్ని, పేరైనా తెలియని పిల్లకు, నిండు బస్సులో చెప్పేశాడు.

అమ్మాయి అతణ్ణి తల నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి ఎడమ కాలి కట్టు దగ్గర ఆగింది. తర్వాత వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

“ఎనిమిది” అంది.

“ఎనిమిదేంది?”

“ఆ అబ్బాయి నేనే అని చెప్పినవాళ్లు. మిర్యాలగూడ రైసుమిల్లు గుమస్తా ఒకరు, హాలియా నుంచి ఇద్దరు అన్నదమ్ములు, ఇంకా నలుగురు. అందరూ పేరు వెయ్యమనే అడిగారు. కాలికి కట్టు కట్టుకుని వచ్చి తీసెయ్యమన్నది మాత్రం మీరొక్కరే. సూర్యాపేట ఒకటి ఇవ్వండి.”

వెనక సీటు వాళ్లు కిసుక్కున నవ్వారు. డ్రైవర్ రవీందర్ అద్దంలో చూస్తూ, “రైట్ చెప్పవేందిరా, నిద్రపోతున్నవా?” అని కేకేశాడు. మధుసూదన్ కుంటుకుంటూ డోర్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆ కంగారులో ఎడమకు బదులు కుడి కాలు కుంటాడు. అది రవీందర్ చూడనే చూశాడు.

సంగతేమిటంటే, మధుసూదన్ కాలికి ఏమీ కాలేదు. నిక్షేపంలాంటి కాలు.

దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల జాతర, అదే గొల్లగట్టు జాతర, రెండేళ్లకోసారి వస్తుంది. వాళ్లింట్లో గజ్జెల లాగు కట్టి ఎగిరేది తాత ఎల్లయ్య. కిందటేడు ఆయన పోయాడు. తండ్రి జంగయ్యకు గొర్ల వెంట తిరిగి తిరిగి మోకాళ్లు అరిగిపోయాయి. “లాగు ఒక్క జాతర గూడ మూలకు పడొద్దు, కొడుకా” అని నాయినమ్మ కొమురమ్మ మనవడి చెయ్యి పట్టుకుంది. కానీ జాతరంటే స్పెషల్ బస్సులు, స్పెషల్ బస్సులంటే డిపోలో సెలవులన్నీ రద్దు. పైగా మధుసూదన్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంకో నాలుగు నెలలు మచ్చ లేకుండా గడిస్తే రెగ్యులర్ లిస్టులో పేరొస్తుంది.

అందుకని, ఇంటి పొట్టేలు మోకాలి మీద కుమ్మిందని సెలవు చీటీ రాసి పంపించాడు. ఇంట్లో మాత్రం డిపో మేనేజర్ సార్ సంతోషంగా సెలవిచ్చాడని చెప్పాడు. అటు ఒకటి, ఇటు ఒకటి, రెండు అబద్ధాలు. రోజూ డ్యూటీకి వచ్చాక కట్టు కట్టుకుని, ఇంటికి పోయేముందు విప్పేవాడు. ఇక కట్టు మానేద్దామనుకున్న రోజే ఆ వీడియో కళ్లబడింది. ఇక మానే ధైర్యం ఎక్కడిది?

“గిప్పుడు నువ్వు చెయ్యవలసింది ఒక్కటే” అన్నాడు రవీందర్ ఆ మధ్యాహ్నం డిపో క్యాంటీన్‌లో. “ఏ కాలో గుర్తువెట్టుకో.”

ఆ సాయంత్రమే మధుసూదన్ సూర్యాపేట ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఫేస్‌బుక్ ఖాతా తెరిచాడు. తన ఫొటో పెట్టడానికి భయమేసి పొట్టేలు ఫొటో పెట్టాడు. అమ్మాయి పేరు ప్రశాంతి అని, కోదాడ నుంచి రోజూ సూర్యాపేటలోని ఒక బడికి వచ్చి పిల్లలకు డాన్స్ నేర్పుతుందని తెలిసింది. ఆమె పేజీ పేరు ‘మన అడుగులు’. వీడియో కింద రాసింది చదివి గుడ్లు తేలేశాడు.

‘ఈ పసుపు మొఖం ఎవరిది? ఏప్రిల్ ఇరవై తొమ్మిది నాట్య దినోత్సవం. ఆలోపు పేరు కనుక్కుని తీరతాను.’

ఊళ్లో ఫేస్‌బుక్ ఉన్నవాళ్లు ఇద్దరే. తన పేరు చెప్పకూడదని ఆ రాత్రే ఆ ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున ప్రశాంతి బస్సెక్కుతూనే, “ఎలా ఉంది కాలు?” అంది.

“తక్కువైతుంది మేడం.”

“రాత్రి నా పేజీకి ఒక పొట్టేలు వచ్చింది. అన్నీ చూసింది. ఏమీ మాట్లాడలేదు.”

మధుసూదన్ టికెట్ కొట్టడంలో మునిగిపోయాడు.

తర్వాత రోజూ అదే వరస. కోదాడలో ఎక్కగానే ఆమె కొత్త కామెంట్లు చదివి వినిపించేది, అతను విననట్టు వినేవాడు. ఆమె సెలవు పెడితే ఆ రోజు బస్సు నిండా జనం ఉన్నా ఖాళీగా వెళ్తున్నట్టుండేది. ఒకరోజు మార్చి వాన పట్టుకుంది. కిటికీ అద్దం సగం దిగి ఆగిపోతే ఆమె జడంతా తడిసింది. అతను తన కాకీ తువ్వాలు అందించాడు. ఆమె తల తుడుచుకుని తిరిగిచ్చింది. ఆ తువ్వాలును మధుసూదన్ వారం రోజులు ఉతకలేదు, అడిగితే వానలన్నాడు.

“మేడం, ఒకటడుగుత” అన్నాడు ఆ వానలోనే. “మీరు డాన్స్ నేర్చినోళ్లు. మా ఎగురుడు ఎందుకు పెట్టిన్రు?”

“నేర్చుకున్నవాళ్లకు స్టేజి ఉంది, మైకు ఉంది, శాలువా ఉంది” అంది ప్రశాంతి. “వాడపల్లిలో ఒక పెళ్లి బ్యాండు ముందు అరవై ఏళ్ల ఆయన ఆడాడు. అంత బాగా నాకు నేర్పిన మాస్టారు కూడా ఆడరు. ఆడి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పేరడిగేలోపే లేడు. అప్పటినుంచి పెడుతున్నాను. ఆడినవాళ్లకు పేరుండాలి కదా?”

“గా పసుపోనికి గూడనా?”

“ఆయనకు ముందుండాలి. ఇదిగో వినండి, బొంబాయి దగ్గర భివండి నుంచి ఒకాయన రాశారు. ‘మా అయ్య గిట్లనే ఎగిరేటోడు. నేను గట్టు చూడక పదేండ్లాయె. మూడుసార్లు చూసిన. ఏడుపొచ్చింది.’”

 మధుసూదన్ ఎగిరింది నాయినమ్మ కోసం, తాత లాగు కోసం. ఎక్కడో భివండిలో ఎవరో మగమనిషి దాన్ని చూసి ఏడ్చాడంటే నమ్మశక్యం కాలేదు. 

“మేడం, గా వీడియోల లాగు ఎడమ మోకాలి కాడ సూడుండ్రి. మూడు గజ్జెలు లేవు.”

“ఏమిటి?”

“మా తాత పెళ్లికి ముందు, గట్టు మీదనే, మూడు గజ్జెలు తెంపి మా నాయినమ్మ చేతిల పెట్టిండట. ‘ఇష్టం లేకుంటే రేపు తెచ్చి లాగుకు కుట్టు, ఇష్టముంటే నీ దగ్గర్నే ఉంచుకో’ అన్నడట. ఆమె కుట్టలే. గిప్పటికీ బీగాల గుత్తికి కట్టుకుని తిరుగుతది.”

ప్రశాంతి వీడియో ఆపి, బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. గజ్జెల వరస మధ్యలో, ఎడమ మోకాలి మీద, మూడు గజ్జెల మేర బోసిగా ఉంది. బొమ్మ వైపు చూసింది, అతని కాలి కట్టు వైపు చూసింది, మళ్లీ బొమ్మ వైపు చూసింది. కాటుక కళ్లు అంత పెద్దవి అవుతాయని మధుసూదన్ అనుకోలేదు.

“అయితే ఈ కట్టు?”

అంతా చెప్పేశాడు. సెలవు చీటీ, పొట్టేలు, రెగ్యులర్ లిస్టు, అన్నీ.  ఎవరిని దొరకబుచ్చుకుని పేరు పెట్టాలని ప్రశాంతి నెల రోజులుగా ఊరంతా చాటిందో, వాడి పేరు బయటపడితే ఉద్యోగమే పోతుంది.

“ఇప్పుడే తీసేస్తాను” అంది ఫోన్ మీద వేలు పెడుతూ.

“వద్దు.”

“వద్దా? మొదటిరోజు తీసెయ్యమన్నది మీరే కదా.”

“భివండి ఆయన మల్ల చూస్తడేమో. ఉంచుండ్రి. పేరొక్కటి వద్దు.”

ప్రశాంతి కిటికీలోంచి బయటికి చూసింది. దురాజ్‌పల్లి గట్టు వానలో తడుస్తూ వెనక్కి వెళ్లిపోయింది.

“సరే. మీరు రెగ్యులర్ అయ్యేదాకా ఆగుతాను” అంది. “ఇంతకీ పొట్టేలు నిజంగా ఉందా?”

“ఉంది. పాపం, దానికేం తెల్వదు.”

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో మధుసూదన్ పని అయిపోయింది. ఆమె మీద మనసు పడిందని అతనికి ఆ క్షణాన తెలిసింది. ఎదురుగా టికెట్ కోసం చెయ్యి చాపి ఉన్న ముసలాయనకు సూర్యాపేట బదులు కోదాడ కొట్టిచ్చాడు.

వారం తిరక్కుండానే డిపో మేనేజర్ జైరాం సార్ నుంచి పిలుపొచ్చింది. జైరాం సార్ మాట తక్కువ మనిషి. మీసం కదిలిందంటే మెమో వచ్చినట్టేనని డిపోలో పేరు. మధుసూదన్ జాగ్రత్తగా ఎడమ కాలే కుంటుతూ గదిలోకి అడుగుపెట్టి, అక్కడే కొయ్యబారిపోయాడు.

సార్ ఎదురుగా కుర్చీలో ప్రశాంతి కూర్చుని ఉంది.

చెప్పేసింది, అనుకున్నాడు. 

“రా మధుసూదన్” అన్నాడు సార్. “ఈ మేడం కోదాడ. గట్టు మీద ఎగిరిన పిలగాని వీడియో వెట్టింది. వచ్చే నెల ఇరవై తొమ్మిదినాడు మన డిపో వార్షికోత్సవం. గాణ్ణి పిలిచి ఆడిపిద్దామని నేనే మేడంకు మెసేజ్ వెట్టి రమ్మన్న. పేరు తెల్వదంటుంది. నువ్వు గట్టు దగ్గరోనివే గద. ఎవడు వీడు?”

మధుసూదన్ ప్రశాంతి వైపు చూశాడు. ఆమె గోడ మీది రూట్ల పట్టిక చదువుతోంది, కానీ చెవులు ఎర్రబడ్డాయి. పేరు తెలియనివాళ్లు ఉండకూడదని పేజీ నడిపే పిల్ల, తన కోసం పేరు తెలియదని అబద్ధమాడింది.

“తెల్వదు సార్” అన్నాడు.

“మంచిగ చూసి చెప్పు” అంటూ సార్ వీడియో నడుస్తున్న ఫోన్‌ను బల్ల మీద ముందుకు జరిపాడు.

“ఎవరో మిర్యాలగూడ సైడు ఉన్నట్టున్నడు సార్.”

“రైసుమిల్లులో గుమస్తా అనుకుంటాను” అంది ప్రశాంతి పట్టిక మీంచి చూపు తిప్పకుండా.

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర గజ్జెలు మోగాయి.

“సారూ, లోపలికి రావొచ్చా బిడ్డా?”

బీగాల గుత్తి బొడ్లో దోపుకుని, చంకలో కొత్త గొంగడి, చేతిలో స్టీలు డబ్బాతో కొమురమ్మ లోపలికి వచ్చింది.  ఈసారి మధుసూదన్‌కు కుంటడానికి కూడా ఏ కాలూ గుర్తు రాలేదు.

లాగు కట్టినవాడికి సాయం చేసినవాళ్లకు, జాతరయ్యాక ఇంటి గొంగడి కప్పి గట్టు పసుపు పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. పోయిన జాతర దాకా భేరీ వాయించినవాళ్లకు పెట్టారు. ఈసారి కొమురమ్మ లెక్కలో అందరికంటే పెద్ద సాయం చేసినవాడు సెలవిచ్చిన సారు. గొంగడి నేత ఆలస్యమైంది గానీ లేకపోతే ఎప్పుడో వచ్చేది.

“సల్లగుండు బిడ్డా” అంటూ ఆమె జైరాం సార్ భుజాల మీద గొంగడి కప్పేసింది. “అందరికి సెలవులు బందు వెట్టి మా మధుకు ఒక్కనికే ఇచ్చినవట. మా ముసలాయన లాగు మూలకు పడకుంట కాపాడినవు. ఈడు ఎగిరితే మా ఆయన ఎగిరినట్టే ఉండె.”

 సార్ మీసం కదల్లేదు. అదే భయంగా ఉంది. కొమురమ్మ చూపు బల్ల మీది ఫోన్ మీద, అందులో కనిపిస్తున్న తమ ఇంటి లాగు మీద పడింది.

“గిదేంది, మావోడు డబ్బాలకెట్ల పోయిండు?” అని ఆశ్చర్యపోయింది. మనవడి మొఖం చూశాక, చేతిలో డబ్బా మెల్లగా బల్ల మీద పెట్టింది. “ఏందిరా, గట్లున్నవ్? కాలుకు ఏమైంది?”

మధుసూదన్ వంగి కట్టు విప్పేశాడు. విప్పిన గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“పొట్టేలు కుమ్మలే సార్. అబద్ధం రాసిన. మీరు సెలవు ఇచ్చిన్రని ఇంట్ల గూడ అబద్ధమే చెప్పిన. ఈ మేడంది తప్పేం లేదు, నా కొరకే తెల్వదన్నది. లిస్టుల నా పేరు కొట్టేసినా నేనేమన.”

ప్రశాంతి లేచి నిలబడింది. “వీడియో తీసింది నేను సార్. నేను పెట్టకపోతే...”

“కూసో మేడం” అన్నాడు సార్.

ఆయన భుజాల మీది గొంగడి తీసి పక్కన పెడతాడని అందరూ అనుకున్నారు. తీయలేదు. దాని అంచు వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు.

“నువ్వు నిజం చెప్పి అడిగినా నేను సెలవిచ్చేటోణ్ణి కాదు” అన్నాడు. “గది గూడ నిజమే. నేను కొత్తగ నౌకరీల చేరినప్పుడు మా తండాల తీజ్ పండుగ వచ్చింది. మా అమ్మ కబురు పంపింది, అందరు ఆడుతున్రు, నువ్వేడున్నవని. నేను సెలవు అడగలే, అబద్ధం రాయలే, ఆడలే. మల్లేడు తీజ్‌కు మా అమ్మ లేదు.”

సార్ గొంగడిని భుజాల మీద సర్దుకున్నాడు.

“అబద్ధానికి మెమో ఇస్త. లిస్టుల నీ పేరు ఆరు నెలలు ఎనకకు పోతది. నౌకరీ ఉంటది. ఇరవై తొమ్మిదినాడు డిపోల ఆడుతవు, మొఖానికి పసుపు లేకుంట. ఏ కాలుతోనన్న ఆడు.” మీసం కదిలింది, కానీ అది నవ్వు. “అమ్మా, గా డబ్బాల పసుపు జర నాకు గూడ పెట్టు.”

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన డిపో ఆవరణలో బస్సులన్నీ పక్కకు పెట్టించారు. భేరీ మోగింది. మొఖాన పసుపు లేకుండా, తాత లాగు కట్టి మధుసూదన్ ఎగిరాడు. మెకానిక్కులు ఈలలు వేశారు, రవీందర్ బస్సు హారన్ కొట్టాడు. ప్రశాంతి వీడియో తీస్తూ తీస్తూ ఫోన్ రవీందర్ చేతిలో పెట్టి, చెప్పులు విప్పి, తనూ నాలుగు అడుగులు కలిపింది. ఆ నాలుగు అడుగులకు మధుసూదన్ తాళం తప్పాడు.

ఆట అయ్యాక కొమురమ్మ ఆమెను దగ్గరికి పిలిచింది. బీగాల గుత్తి నుంచి మూడు గజ్జెలు విప్పి ఆమె అరచేతిలో పెట్టింది.

“ఈ ముసల్దానికి బీగాలు బరువైతున్నయి బిడ్డా. ఇష్టం లేకుంటే లాగుకు కుట్టియ్యి. ఏమనుకోను.”

మధుసూదన్ మొఖం పసుపు లేకుండానే పచ్చబడింది. “నాయినమ్మ, గిదేంది?” అన్నాడు.

“నువ్వు జన్మల అడగవని తెల్సు.”

 ప్రశాంతి మొఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. మూడు గజ్జెలు, ఆపైన అతను విప్పిపెట్టిన లాగు కూడా మడిచి సంచిలో పెట్టుకుంది. లాగు తీసుకెళ్లిందంటే కుట్టడానికేగా? మధుసూదన్‌కు ఆ మధ్యాహ్నం అన్నం దిగలేదు.

మర్నాడు ఆమె బస్సెక్కలేదు. ఆ పై రోజూ ఎక్కలేదు. బడికి సెలవులిచ్చారని తెలుసు, అయినా కోదాడ బస్టాండులో అందరూ ఎక్కాక కూడా రైట్ చెప్పలేకపోయాడు. మూడో రోజు మునగాల దాటాక రవీందర్ బస్సు పక్కకు ఆపి, తన ఫోన్ తీసి వెనక్కి విసిరినంత పని చేశాడు.

“చూడురా, మేడం పెట్టింది.”

‘మన అడుగులు’లో కొత్త వీడియో. డిపోలో ఎగురుతున్న మధుసూదన్. కింద రాసి ఉంది: ‘పేరు మధుసూదన్. ఎల్లయ్య గారి మనవడు. మిగతా ఏడుగురూ క్షమించాలి. ఆయన్ను ఏ పొట్టేలూ కుమ్మలేదు.’

దాని కింద ఒక ఫొటో. లాగు శుభ్రంగా ఉతికి, తెగిపోయిన దారాలన్నీ కొత్తగా కుట్టి తీగ మీద ఆరేసి ఉంది. మధుసూదన్ ఎడమ మోకాలి దగ్గర పెద్దది చేశాడు. మూడు గజ్జెల మేర అక్కడ బోసిగానే ఉంది.

రెండో ఫొటోలో ఒక పాదం. రోజూ పిల్లలకు నేర్పేటప్పుడు కట్టుకునే గజ్జెల పట్టీ. కొత్త గజ్జెల వరస చివర, రంగు మాసి నల్లబడిన పాత గజ్జెలు మూడు.

మధుసూదన్ ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. ఏమైందయ్యా అని ప్రయాణికులు లేచి వచ్చారు. అతను మాట్లాడలేక ఫోన్ చూపించాడు. ఒక ముసలమ్మ ఫొటో చూసి, “కాలుకు ఏమైంది, గజ్జెలే గద” అంది.

ఏదో ఒకటి రాయాలని రవీందర్ ఫోన్‌లోనే తన ఖాతా తెరిచాడు. నెలన్నర తర్వాత పొట్టేలు మొదటిసారి నోరు తెరిచింది: ‘మేడం, ఇగ నేనేం జెయ్యాలె?’

జవాబు నిమిషంలో వచ్చింది.

‘మేడం అనడం మానెయ్యాలి. ఆదివారం నాయినమ్మను తీసుకుని కోదాడ రండి. లాగు కుట్టడానికి సాయం చేసిన మా అమ్మ, తనకు గొంగడి ఏదని అడుగుతోంది.’